మాయ పడేదాకా

సౌదీలో, ఖతీఫ్‌లోని ఆ క్లినిక్కులో డాక్టర్ ఉజ్వల రోజూ మొదట చూసేది గర్భిణీలను కాదు, యజమాని గారి మేకను. వెనకవైపు రేకుల షెడ్డులోకి వెళ్లి, పొదుగు బిగిసిందా, తోక మొదట్లో నరాలు వదులయ్యాయా అని తడిమి చూసి, చేతులు కడుక్కుని, అప్పుడు పేషెంట్లను పిలిచేది. కానుపుల డాక్టరుకు ఏ కానుపైనా ఒకటేనని కఫీలు, అంటే ఆ యజమాని, ఆజ్ఞ. ఇందుకేనా ఇంత చదివింది అని ఆమె ఎదురు చెప్పలేదు, ఎందుకంటే ఆ మేక కడుపులో ఆమె పాస్‌పోర్టు ఉంది.

ఇరాక్ చేతిలో కువైట్ పడిపోయిన వారంలో, పారిపోతారేమోనన్న భయంతో కఫీలు ఆమెదీ, ఆమె భర్త మనోహర్‌దీ పాస్‌పోర్టులు దాణా బస్తాలో దాచాడు. ఆ సలహా ఇచ్చింది మనోహరే. అక్కడే అకౌంటెంటుగా ఉంటూ, మేనేజరు పదవి మీద ఆశతో కఫీలు తుమ్మితే రుమాలు పట్టే రకం. అంత తెలివైన సలహా ఇచ్చిన పెద్దమనిషి బస్తా మూతి కట్టడం మాత్రం మర్చిపోయాడు. మేక రెండింటినీ నమిలి మింగి, ఆ నెలలోనే చూడి కట్టింది.

అలాంటి మేకకు ఏం పుడుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. మందుల షాపు ఫర్హీన్ అంతకుముందు ఏడాది అలా పుట్టిన మేకపిల్లను చంకన పెట్టుకునే హైదరాబాద్ వెళ్లింది. పొట్ట కింద ఫొటో, పేరు, దేశం విడిచి వెళ్లడానికి ఎగ్జిట్ ముద్ర అన్నీ సక్రమంగా ఉన్నాయని ఎయిర్‌పోర్టు ఆఫీసరు దాని చెవి మీద తేదీ వేసి పంపించాడు.

జనవరిలో యుద్ధం మొదలైంది. గ్యాసు మాస్కులు కఫీలు ఇంటివాళ్లకే వచ్చాయి. మనకు తడిగుడ్డ చాలులే అన్నాడు మనోహర్, వినయంగా. ఆ వినయం చూస్తే ఉజ్వలకు ఒళ్లు మండిపోయేది. వెళ్లిపోదామని ఆమె ఎన్నిసార్లు అన్నా, కష్టకాలంలో వదిలేసి పోతే కఫీలు గారు ఏమనుకుంటారు అనేవాడు. పైగా పిల్లలు పుట్టగానే రెండింటినీ ఆయనకే అప్పగిస్తానని మాటిచ్చి, ఒక కప్పు గహ్వా కాఫీ తాగి వచ్చాడు. కట్టుకున్నదాని ప్రాణం అతనికి ఆపాటిదే.

శుక్రవారం, మధ్యాహ్నం నమాజయ్యాక, మేక మేత ముట్టలేదు. కాలితో నేల గీరుతూ, లేస్తూ పడుకుంటూ, ఇంకా పుట్టని పిల్లను సన్నటి గొంతుతో పిలవసాగింది. నీటిసంచి పగిలాక ఒక్క గిట్టే కనిపించింది. ఉజ్వల చెయ్యి పెట్టి, వెనక్కి మడిచిన రెండో కాలు సరిచేసి, నొప్పి వచ్చినప్పుడల్లా మెల్లగా కిందికి లాగింది. ఆయా రహమత్బీ పిల్ల ముక్కులోని జిగురు తుడిచింది. మనోహర్ ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

పోతుపిల్ల. పొట్ట కింద మీసాలతో సహా మనోహర్ ఫొటో, పక్కనే ఎగ్జిట్ ముద్ర. ఆ ముద్ర చూసి అతను సిగ్గుపడిపోయి, ఎవరైనా చూస్తారేమోనని అరచేత్తో కప్పేశాడు. అంతలో మేక వెనక మరో నీటిసంచి వేలాడింది.

“మాయ కూడా పడుతోందిగా. అంటే ఇంక రెండోది లేనట్టేనా?” అన్నాడు.

మాయకూ నీటిసంచికీ తేడా అకౌంటెంటుకు తెలియకపోతే తప్పు లేదు. కానీ అడుగుతున్నప్పుడు అతని గొంతులో సంతోషం ఉంది. పెళ్లాం ఇక ఎక్కడికీ పోయే వీల్లేదన్న సంతోషం. ఉజ్వల అది విన్నది.

“లేనట్టే,” అంది. “త్వరగా తీసుకెళ్లి చూపించండి. ఆయన ఎదురుచూస్తుంటారు.”

అతను పిల్లను ఎత్తుకుని పరుగెత్తాడు.

“ఇంగోటి ఉండాది కదమ్మా,” అంది రహమత్బీ.

“ఉంది. మీ ఆయన్ను కారు తియ్యమను.”

రెండోది సులువుగా జారింది. పొట్ట కింద ఉజ్వల, పెళ్లికి ముందు తీయించుకున్న ఫొటోలో, పుట్టింటి ఇంటిపేరుతో. మేక దాన్ని నాకి ఆరబెట్టేదాకా ఆగి, ముర్రుపాలు సీసాలోకి పితికింది. అసలు మాయ పడ్డాక, పూర్తిగా వచ్చిందో లేదో చూసి, అప్పుడు లేచింది. రహమత్బీ భర్త ఇస్మాయిల్ మక్కాకు, ఉమ్రా యాత్రకని సెలవు అడిగి ఉజ్వలనూ మేకపిల్లనూ జెడ్డా ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాడు. దారిలో పోలీసులు పిల్లను తిప్పి చూసి, పొమ్మన్నారు.

అక్కడ మనోహర్ ఒక్కటే పుట్టిందని కఫీలు ముందు ఒట్టు పెట్టేశాడు. సాయంత్రం ఇంట్లో భార్య లేకపోయేసరికి సంగతి అర్థమైంది. కానీ తను చెప్పింది తప్పని కఫీలుకు తెలిస్తే ఎలా అని నోరు మూసుకున్నాడు. ఆమెను ఎవరూ వెతకలేదు.

కువైట్ తిరిగి దక్కాక కఫీలు పెద్ద విందు చేసి, ఆ పోతుపిల్లను కోయించాడు. గుంటూరు చేరిన ఉజ్వలకు రహమత్బీ ఫోను చేసి ఈ మాట చెప్పింది. వడ్డించింది కూడా మనోహర్ సారేనంది.

“ఆయన తిన్నాడా?” అని అడిగింది ఉజ్వల.

“కఫీలు పెట్టిన ముక్క వద్దంటే బాగుండదని తిన్యాడమ్మా. శానా లేతగా ఉందన్యాడు.”