ఒక్కొక్కరికి ఒక్కో గల్లీ

నేను చూశాను. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది చెబుతాను.

నా పేరు దుర్గేష్. కోర్సు కోసం కాకినాడ నుంచి వచ్చి అమీర్‌పేటలో పార్కు వెనక హాస్టల్లో ఉంటున్నాను. ఆ రోజు పొద్దున్నే అయిదింటికి, మా గల్లీ ఊడ్చే సుకన్య కింద ఒక్కతే పని చేసుకుంటోంది. అక్కడ వీధిదీపం వెలగక మూడు నెలలైంది. బండి మీద ఇద్దరొచ్చి ఆమెను పార్కు గోడకేసి లాగారు. ఆమె లైటు వెలుగుతున్న నా కిటికీ వైపు చూసి కేకలు పెట్టింది. నేను కిటికీ మూసేశాను. సుకన్య చీపురు కర్రతో ఒకడి మొహం పగలగొట్టి, పరుగెత్తి బయటపడిందని తర్వాత తెలిసింది. నేను మాత్రం బుద్ధిగా క్లాసుకు వెళ్ళాను. ఛీ, నా చదువు తగలెయ్య!

మర్నాడు మా హాస్టలుకు ఎదురుగా ఉన్న పార్కు గేటు దగ్గర, ఊడ్చేవాళ్ళ సూపర్‌వైజర్ రాఘవేందర్ ఆమెను ఆపాడు.

"పని నడుమ ఇడిసిపెట్టి పోయినవ్. ఇగ రావద్దు."

"నన్ను గుంజిండ్రన్నా!"

"ఎవలు చూసిండ్రు?"

చూసేవాళ్ళు లేకుండా చేసింది వీళ్ళను పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరే. ఇదివరకు ఒక్కో గల్లీకి ఇద్దరు. సగం మందిని పీకేసి, మిగిలినవాళ్ళకు మనిషికో గల్లీ పంచాడు. అప్పటినుంచి వాళ్ళకు పనిలో మాటా లేదు, తోడూ లేదు. ఒంటరితనం ఎలా ఉంటుందో నాకూ తెలుసు. ఆరుగురున్న గదిలో నన్ను పలకరించేవాడు లేడు. కానీ నా ఒంటరితనం అమ్ముకుని ఎవడూ బాగుపడటం లేదు.

"ఇయ్యాల దీన్ని గుంజిండ్రు, రేపు నన్ను" అంది అందరిలోకి పెద్దదైన పోచమ్మ. "సుకన్యను పనిల పెట్టుకోవాలె. లైటు పెట్టాలె. ఇద్దరిద్దరం లేనిదే గల్లీలకు పోం."

"వేరేటోళ్లను తెస్త" అన్నాడు రాఘవేందర్.

"తోలుకరా. ఆళ్లకు సుత చెప్తం."

పద్దెనిమిది మంది ఆడవాళ్ళు గేటు ముందు కూర్చున్నారు. మూడు రోజులకు పంజాగుట్ట దాకా గల్లీలు కంపు కొట్టాయి. వాకింగుకొచ్చిన పెద్దాయన ముక్కు మూసుకుని, "ఏంటమ్మా, మధ్యలో మేమేం పాపం చేశాం?" అన్నారు.

"ఏం జెయ్యలే సార్. గదే పాపం" అంది పోచమ్మ.

ఆ మాట పైనున్న నాకు వినిపించింది. ఆ రాత్రి కిటికీ తీసే పడుకున్నాను.

నాలుగో రోజు పోలీసులొచ్చారు. "సాక్షి ఉన్నడా? లేకుంటే లేవుండ్రి" అన్నాడు ఎస్సై.

నేను మెట్లు దిగి వెళ్ళాను. "నేను చూశాను సార్."

సుకన్య నన్ను ఎగాదిగా చూసింది. "కిటికీ మూసింది నువ్వేనా?"

"నేనే అక్కా."

ఆమె మొహం తిప్పుకుంది.

"జీపెక్కు. నువ్వొక్కనివే. స్టేషన్ల మాట్లాడుదం" అన్నాడు ఎస్సై.

నేను వెనక్కి తిరిగి చూశాను. హాస్టలు కిటికీల నిండా మొహాలే. ఒక్కడూ దిగలేదు.

అప్పుడు సుకన్య లేచింది. "పోరడు ఒక్కడు రాడు సార్. నేను సుత వస్త."

పోచమ్మ లేచింది. ఆ తర్వాత అందరూ లేచారు. జీపులో అంతమందికి చోటెక్కడిది? చీపుళ్ళు భుజానేసుకుని పెద్ద రోడ్డు మధ్యలో నడిచాం. బస్సులు ఆగిపోయాయి. స్టేషన్ దగ్గర కానిస్టేబుల్ గేటు సగం మూసి, "ఎవలన్న ఒక్కరు లోపలికి రాండ్రి" అన్నాడు.

ఎవరం కదల్లేదు.

"గేటు మొత్తం తియ్యి" అంది సుకన్య.