మోటారుకు ఆముదం

ఆ మోటారు ఇంటికి వచ్చిన నాటి నుంచి కమలమ్మకు అన్నం సయించడం లేదు. ఏ మూలకు పోయినా పెట్రోలు కంపు. మొగుడి పంచెకు కంపు, చేతులకు కంపు, చివరికి అతను కలిపి సగం తిని వదిలేసిన పెరుగన్నానికి కూడా అదే కంపు. మదరాసులో ఎవడో దొర సీమకు పోతూ వదిలించుకున్న బండికి ఒక పెద్ద కంపెనీ వాళ్ళు రంగు పూసి అంటగడితే, కొత్తదానికన్నా ఇదే మేలని ఇంద్రసేన నాయుడు ఊరంతా చెప్పుకుని తిరిగాడు. ఆర్.కె.పేట చుట్టుపక్కల పల్లెల్లో సొంత మోటారు ఉన్నవాడు తానొక్కడే అన్న మాట అతని తలకెక్కింది. ఎక్కినది మళ్ళీ దిగలేదు.

ఇంద్రసేన ఆమెకు మేనమామ. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పినవాడే పెద్దయ్యాక తాళి కట్టాడు. అందుకేనేమో, ఆమె ఎంత పెద్ద మాట చెప్పినా అతనికి చంకలో పిల్ల చెప్పినట్లే ఉండేది. ఆరేళ్ళ జయరాముడికి తల్లయినా ఆమె మాటకు విలువ పెరగలేదు.

ఆ జయరాముడి కోసమే ఇప్పుడు తిరుత్తణి ప్రయాణం. కిందటేడు వాడికి అమ్మవారు పోసి, ఒళ్ళంతా పొక్కులై, కళ్ళు తెరవని స్థితికి వచ్చాడు. బిడ్డ దక్కితే ఆడికృత్తిక తిరునాళ్ళకు కొండమీది స్వామికి వాడి తల వెంట్రుకలు ఇస్తానని కమలమ్మ మొక్కుకుంది. బిడ్డ దక్కాడు. మొక్కు తీర్చడానికి మోటారులోనే పోవాలని ఇంద్రసేన పట్టుపట్టాడు.

చిక్కంతా ఆ మోటారు బ్రేకుతోనే వచ్చింది. తొక్కితే చాలు, పందిని పట్టినప్పుడు పెట్టే అరుపులాంటిది ఒకటి చక్రాల్లోంచి లేచేది. ఆ పక్క పల్లెల్లో ఎద్దుల బండి ఇరుసు కిర్రుమంటే ఇంటి పరువు పోయినట్లే. ఇరుసుకు ఆముదం పోయలేని పిసినారి కొంప అని నలుగురూ నవ్వుతారు. మోటారు అరుస్తూ వీధిలోకి రాగానే అరుగుల మీది వాళ్ళు ఆ నవ్వే నవ్వారు. నాయుడింట్లో ఆముదం కరువొచ్చినట్లుందే అని ఎవరో అన్నారు. ఇంద్రసేన మొహం మాడిపోయింది. బ్రేకు పట్టుకుంటున్నదా లేదా అన్న ఆలోచన అతనికి రాలేదు. అరుపు ఆగాలి, అంతే.

కమలమ్మ దిగులు వేరు. తిరుత్తణి చేరే ముందు రోడ్డు నిటారుగా ఏట్లోకి దిగుతుంది. ఆడికృత్తిక నాడు ఆ దిగుడు నిండా స్వామికి మొక్కిన కావళ్ళు ఎత్తుకున్న జనమే ఉంటారు. అక్కడ బండి ఆగకపోతే ఏమవుతుందన్నదే ఆమె భయం.

ముందు మదరాసు కంపెనీకే పోయారు. కొడుకు సముద్రం చూస్తానంటే వాణ్ణీ తీసుకుని ఆమె కూడా వెళ్ళింది. దొరల మాదిరి మెడకు పట్టీ కట్టుకుని మొహానికి పౌడరు దట్టించుకున్న గుమాస్తా ఒకడు వీళ్ళను వాకిట్లోనే నిలబెట్టాడు. జయరాముడు అక్కడున్న కొత్త కారు తలుపు మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి వేసిన చోటును గుమాస్తా రుమాలుతో తుడిచాడు. బిడ్డ చెయ్యి అంత పాడుదా అనుకుంది కమలమ్మ. చక్రం లోపలి డబ్బాను ఒరుసుకుని బండిని ఆపే పట్టీలు అరిగిపోయాయని, కొత్తవి సీమనుంచి రావాలని, అందాకా బండి తమ దగ్గరే పడి ఉండాలని, మధ్యలో ఇంకెవరి చెయ్యి పడినా తమకు బాధ్యత లేదని గుమాస్తా అరవంలో సగం, ఇంగ్లీషులో సగం చెప్పాడు.

"నా బండి నేను వాడి కాళ్ళకాడ పెట్టేసి, మొక్కుకు ఎద్దుల బండిలో పోవాల్నా?" అని ఇంద్రసేన దారి పొడుగునా తిట్టుకున్నాడు. "వాడు నా చెప్పుల పక్క చూసిన చూపు చూసినావా?"

"చూసినాను. అయినా పట్టీలు అరిగినాయని చెప్పినాడు గదా మామా. అది నిజమే గదా."

అతను వినలేదు. తిరువళ్ళూరులో, రైలు స్టేషను వెనక, వరదయ్య షెడ్డు ముందు బండి ఆపాడు.

వరదయ్యకు ఆ చుట్టుపక్కల ఏ బండినైనా విప్పుతాడని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో కమలమ్మకు ఎంత చూసినా అర్థం కాలేదు. నోటి నిండా తమలపాకు. మాట్లాడితే తుంపర. చక్రం విప్పి, లోపల చూసి, "కంపెనీవోళ్ళు దొంగలు సామీ. నేను ఇప్పుడే వేసిస్తా" అని బియ్యం మిల్లులో పారేసిన పాత బెల్టు ఒకటి తీసి ముక్కలు కోశాడు. ఒక ముక్క జారి షెడ్డు పక్క కాలవలో పడింది. ఆ కాలవలో ఏముందో వాసనే చెబుతున్నది. అతను చెయ్యి పెట్టి తీసి, తొడకు రుద్ది, దాన్నే మేకులు కొట్టి బిగించాడు. అదే చేత్తో జయరాముడి బుగ్గ గిల్లబోతే కమలమ్మ బిడ్డను వెనక్కి లాక్కుంది.

"కొన్నాళ్ళు అరుస్తాది, అరవనీ సామీ" అన్నాడు వరదయ్య. "కొంజెం అరిగితే అణిగిపోతాది. మళ్ళీ ఒక తూరి తెస్తే బిగించిస్తా. అందాకా దాని జోలికి పోవద్దు."

బండి అరిచింది. ముందుకన్నా గట్టిగానే అరిచింది. కానీ ఆగింది. తొక్కిన చోట ఆగడం కమలమ్మ తన కళ్ళతో చూసింది. అరుగుల మీది వాళ్ళు మాత్రం మళ్ళీ నవ్వారు.

ఆడికృత్తిక ముందు రోజు మధ్యాహ్నం కొడుకు తలకు ఆముదం పెడదామని వంటింట్లో జాడీ మూత తీస్తే అడుగున చుక్క లేదు. ఆమె పెరట్లోకి పోయింది. ఇంద్రసేన వెనక చక్రాలు రెండూ ఊడదీసి, మోచేతుల దాకా జిడ్డుతో, ఎద్దుల బండి ఇరుసుకు ఆముదం పోసే కొమ్ము పట్టుకుని కూచున్నాడు. మిల్లు బెల్టు ముక్కలు పాకంలో వేసిన గారెల్లా ఆముదం పీల్చుకుని ఉబ్బి ఉన్నాయి. కింద మట్టిలో ఆముదం మడుగు కట్టింది. దాని మీద ఈగలు.

"ఇద్దరి కాడికీ పోయి చెడినా. నా బండికి నేను చాలనా?" అని అతను పళ్ళికిలించాడు. "ఇంక విను, సద్దే ఉండదు."

కమలమ్మకు ఒళ్ళు మండింది. "మామా, ఇరుసు తిరగాలని ఆముదం పోస్తాము. ఇది తిరిగేదాన్ని పట్టుకోవాల్సింది గదా. దీనికి ఆముదం పోస్తే ఎట్ల పట్టుకుంటాది?"

"అబ్బో, నువ్వు యాడ నేర్చినావే మోటారు పని?" అని అతను నవ్వాడు. అరిచే బండి ఆముదం అడుగుతున్నదని తాతల నాటి నుంచి తెలిసిన సంగతే కదా అన్నాడు. బండిని పెరట్లోనే అటూ ఇటూ నడిపి చూపించాడు. నిజంగానే అరుపు లేదు. చదును నేల మీద, ఆ నిదానపు నడకలో, అది ఆగింది కూడా.

ఆమె అవ్వ దగ్గరికి పోయింది. ఇంద్రసేన తల్లి రంగనాయకమ్మ కమలమ్మకు అమ్మమ్మ, అత్త కూడా ఆమే. అవ్వ అంతా విని, "మొగోడి పనిలో నోరు పెట్టొద్దు. రేపు ఊరంతా చూస్తా ఉంటే నువ్వు ఎద్దుల బండి ఎక్కితే వాడి తల యాడ పెట్టుకుంటాడు?" అంది.

మర్నాడు అవ్వ వెనక కూచుంటే, కమలమ్మ మోటారు ముందు సీటు ఎక్కింది. తెలిసి తెలిసి ఎక్కింది. బిడ్డను ఒళ్ళో కూచోబెట్టుకుంది. వీధిలో అందరూ చూస్తుండగా దిగిపోవడానికి సిగ్గుపడింది. చావు బతుకుల నుంచి తెచ్చుకున్న బిడ్డకన్నా ఆ సిగ్గే ఎక్కువైంది ఆమెకు. దారి పొడుగునా తన మీద తనకే రోత పుట్టింది.

ఏటి దిగుడు వచ్చింది. కింద పసుపు బట్టల జనం, పూల కావళ్ళు, గజ్జెల చప్పుడు. ఇంద్రసేన బ్రేకు తొక్కాడు. అరుపు రాలేదు. బండి ఆగలేదు. మళ్ళీ తొక్కాడు. హారను కొట్టాడు. జనం కేకలు వేస్తూ విడిపోయారు. ముసలివాడొకడు, భుజాన కావడి ఉన్నవాడు, ఆలస్యంగా జరిగాడు. చక్రం అతని పాదం మీదుగా పోయింది. బండి గట్టుకు గుద్దుకుని ఆగింది.

జయరాముడు ముందు పలకకు కొట్టుకున్నాడు. పెదవి చీలి నెత్తురు కారింది. వాడు బతికే ఉన్నాడని, ఏడుస్తున్నాడని తెలిశాకగాని కమలమ్మ ఊపిరి తీసుకోలేదు. బిడ్డతో కిందికి దూకింది. వెనక చక్రాల నుంచి పొగ లేస్తున్నది. కాలిన ఆముదం కంపు దిగుడంతా కమ్ముకుంది.

ముసలివాడి పేరు పళని. ఎవరో అతని కావడి కింద పడకుండా అందుకున్నారు. తన పాదం చూసుకోకుండా అతను, "కావడి నేలన పెట్టొద్దు, పెట్టొద్దు" అని ఏడుస్తున్నాడు. కమలమ్మ కొంగు చించి అతని పాదానికి కట్టింది. చేతులకు నెత్తురంటింది.

జనం ఇంద్రసేనను చుట్టుముట్టారు. అతను చేతులెత్తి గట్టిగా చెప్పాడు. "నేనేం చేసేది? తిరువళ్ళూరు వరదయ్య చేసిన రిపేరు ఇది. వాణ్ణి పోలీసులకు పట్టిస్తా. మోసం చేసినాడు." వరదయ్య ముఖం కూడా ఎరగని వాళ్ళు వరదయ్యను తిట్టడం మొదలుపెట్టారు. ఇంద్రసేన ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "బిడ్డను ఎక్కించు కమలా. మెల్లగా పోదాం. పోతా పోతా ఆముదం ఎండిపోతాది."

అంటే తెలుసు అతనికి. తెలిసే వరదయ్య మీదికి నెట్టాడు. కమలమ్మ జనం వైపు తిరిగింది.

"వరదయ్య వేసిన బ్రేకు అరిచినా ఆగింది" అంది, అందరికీ వినపడేట్లు. "దాని మీద ఆముదం పోసింది ఈయన. నా వంటింటి జాడీలోది. వద్దని నేను చెప్పినా. చెప్పి కూడా ఎక్కినా, నాకు బుద్ధి లేక. ఆ పొగ వాసన చూడండి, మీకే తెలుస్తాది."

ఆడవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. వాళ్ళలో ఆ వాసన తెలియనిది ఒక్కతీ లేదు. ఇంద్రసేన జిడ్డు చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఎక్కు కమలా. అందరూ చూస్తా ఉండారు."

"చూడనీ మామా." ఆమె బిడ్డను చంకకెత్తుకుంది. "ఈ తాత మొక్కు నీ వల్ల ఆగింది. ఆయన కావడి నువ్వు ఎత్తుకుని నడిచి రా."

పళనిని ఒక ఎద్దుల బండిలో ఎక్కించి ఊళ్ళో ఆసుపత్రికి పంపారు. అవ్వ మోటారు దిగి అదే బండిలో అతని తల దగ్గర కూచుంది. కమలమ్మ ఏటి ఇసకలోకి దిగి, తిరుత్తణి వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

కాసేపటికి ఆమె వెనకే కావడి గజ్జెలు మోగాయి. వాటితో పాటు ఆముదం కంపు కూడా దగ్గరయింది. కమలమ్మ మిగిలిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడుస్తూనే ఉంది.