ఇంకొక్కటి

హన్మకొండ పార్కులో పొద్దున్నే కసరత్తు చేసేవాళ్లకు శేఖర్ తనంతట తానే గురువయ్యాడు. ఎవరైనా దండీలు తీస్తుంటే పక్కన నిలబడి "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని అరవడమే అతని విద్య. అవతలి మనిషి బోర్లా కూలబడితే తప్ప అతనికి తృప్తి ఉండదు.

మెహ్జబీన్ ఒక ల్యాబులో రక్తం తీసే ఉద్యోగి. నలభై దాటాక భుజాలు బిగుసుకుంటున్నాయని దండీలు మొదలుపెట్టింది. చేతులు మండినంత మాత్రాన ఆపేది కాదు. పైకి లేవడం నెమ్మదించి, నడుము జారబోతోందనిపిస్తే మాత్రం వెంటనే మోకాళ్లు నేలకు ఆనించేది.

"ఏంది మేడం, గప్పుడే ఆపిండ్రు? ఇంకా దమ్మున్నది మీకు," అన్నాడు శేఖర్.

"ఉన్నది. అందుకే ఆపిన."

"గట్లయితే కండ ఎట్ల పెరుగుతది?"

"నీకెట్ల పెరిగింది?" అందామె, అతని పొట్ట వైపు చూస్తూ.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. శేఖర్ మనసులో పెట్టుకున్నాడు. ఆదివారం జనం ఎక్కువగా ఉన్నప్పుడు ఆమె ఆపగానే, "ఆడోళ్లతోని గంతే ఐతది," అన్నాడు అందరికీ వినబడేట్టు.

మెహ్జబీన్ లేవబోయిందల్లా మళ్లీ చేతులానించింది. నడుము పాత నులకమంచంలా కుంగింది. మెడ ముందుకు సాగింది. అవి దండీలు కావని ఆమెకు తెలుసు. అయినా అతను అరిచినప్పుడల్లా లేచింది. చివరికి కుడి భుజంలో ఏదో కలుక్కుమంది. జనం చప్పట్లు కొట్టారు.

మర్నాడు ల్యాబుకు నర్సంపేట నుంచి సమ్మమ్మ అనే ముసలామె వచ్చింది. మెహ్జబీన్ గుచ్చిన సూదికి నరం దొరకలేదు. రెండోసారీ తప్పింది.

"బిడ్డా, నీ చెయ్యి వణుకుతాంది," అంది సమ్మమ్మ, తన నొప్పి దాచుకుంటూ.

తోటి ఉద్యోగిని పిలిచి మెహ్జబీన్ పక్కకు తప్పుకుంది. శేఖర్ మీద అసహ్యం ఎప్పుడూ ఉన్నదే. ఆ రోజు తన మీద తనకే వేసింది. అరిచింది వాడు. విన్నది తను.

భుజం నొప్పి తగ్గాక మళ్లీ పార్కుకు వెళ్లింది. శేఖర్ అప్పటికే ప్రేమలత అనే కొత్తామెను పట్టుకున్నాడు. ఆమె మోచేతులు వణుకుతున్నాయి, నడుము నేలను తాకబోతోంది.

"ఇంకొక్కటి," అన్నాడు శేఖర్.

"చాలు చెల్లే, మోకాళ్లు ఆనించు," అంది మెహ్జబీన్.

ప్రేమలత ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మోకాళ్లు ఆనించింది.

"మంచిగ చేసేటామెను చెడగొడుతాండ్రు మేడం."

"నీకేం పోతది? రేపు చెయ్యి లేపాల్సింది ఆమె."

శేఖర్ ఏదో గొణుగుతూ చాయ్ బండి వైపు నడిచాడు. ప్రేమలతకు మాత్రం చిన్నతనమనిపించింది.

"నేనింకా తీస్తుంటి అక్కా," అంది అరచేతుల మట్టి దులుపుకుంటూ.

"తీస్తవు. జర కూసో, ఊపిరి రానియ్యి."