సంచౌంగ్ షెడ్డులో విమానం

రంగూన్‌లోని సంచౌంగ్ పేటలో వీరన్న ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఆయన ఏడేళ్లపాటు ఒక విమానం చేశాడు. పిల్లలాడుకునే బొమ్మ కాదు, మనుషులెక్కి కూర్చునేంతది. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, ముందొకరు వెనకొకరు కూర్చునే చోటు. యుద్ధానికి ముందు కుర్రవాళ్లకి ఎగరడం నేర్పిన పాతకాలపు రకం. ఇంజను మాత్రం లేదు. బర్మా దేశం తలుపులు బిడాయించుకుని పాతికేళ్లు దాటింది. పై దేశం నుంచి ఒక మంచి మేకు రావాలన్నా గగనమే, ఇంజను మాట ఇంకేం చెప్పను?

వీరన్న తండ్రి గంజాం నుంచి ఓడెక్కి వచ్చి, మింగలడాన్ విమానాశ్రయంలో రెక్కలకి గుడ్డ అతికించే పనిలో కుదిరాడు. చూసింది చూసినట్టు ఒక నోటు పుస్తకంలో గీసి, పక్కన తెలుగులో కొలతలు రాసుకునేవాడు. రంగూన్ మీద బాంబులు పడ్డ ఏడు ఆయన పోయాడు. పుస్తకం మిగిలింది. వీరన్న ముప్పై ఏళ్లు పడవల కార్ఖానాలో వడ్రంగం చేసి, పని మానేశాక ఆ పుస్తకం తెరిచాడు.

ఎడ్విన్ రాజు ఆయనకి తోడయ్యాడు. రెండు సందుల అవతల లేతు మిషను పెట్టుకున్న మనిషి, బాప్టిస్టు చర్చికి వెళ్లే కుటుంబం. అరవైనాలుగులో సర్కారు కొట్లన్నీ లాక్కున్నాక మనవాళ్లంతా ఓడలెక్కి విశాఖపట్నం వెళ్లిపోతుంటే, వెళ్లకుండా ఉండిపోయిన కొద్దిమందిలో వీళ్లిద్దరూ ఉన్నారు. "సెక్క పని నీది, ఇనప పని నాదన్నా" అన్నాడు రాజు. టీపెట్టెల పలుచని చెక్కలు, సైకిలు తీగలు, లుంగీ గుడ్డ, ఇవే వాళ్ల సరుకు. వీరన్న భార్య సన్యాసమ్మ పొడవాటి సూదితో రెక్కల మీద గుడ్డ కుట్టేది. కుట్టిందాన్ని గురించి బజారులో గొప్పగా చెప్పుకునేది కూడా.

ఎనభై ఎనిమిది ఆగస్టులో, ఒంటిపార్టీ సర్కారు దిగిపోవాలని ఊరు ఊరంతా రోడ్డెక్కింది. రాజు కూతురు ఎస్తేరు రాణి కాలేజీ పిల్ల. వీధి మొగలో మైకు పట్టుకుని మాట్లాడింది. షెడ్డు విశాలంగా ఉందని రాణి స్నేహితులు అక్కడే బేనర్లు రాశారు. మొదటి వారం కాల్పులు ఆగాక, నెల్లాళ్లు ఎవరికీ భయం లేదు. పేటలో ముసలీ ముతకా వచ్చి విమానంలో కూర్చుని నవ్వుకుని వెళ్లేవాళ్లు.

సెప్టెంబరులో సైన్యమే నేరుగా గద్దెనెక్కింది. వీధుల్లో మళ్లీ కాల్పులు జరిగాయి. నాలుగో రోజున రాణిని పట్టుకుపోయారు. రాజు మూడు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆ తర్వాత ఒక ఉదయం ముగ్గురు సైన్యం మనుషులు వీరన్న షెడ్డుకి తాళం వేసి, ఆయన్ని తమ ఆఫీసుకి తీసుకెళ్లారు.

"ఊ వీరన్నా, ఈ విమానంలో తిరిగి కరపత్రాలు జల్లుదామనుకున్నావట" అన్నాడు అధికారి బర్మా భాషలో. పేరు ముందు 'ఊ' అంటే అక్కడ 'గారు' అన్నట్టే; గొంతూ మర్యాదగానే ఉంది.

"దానికి ఇంజను లేదండీ."

"ఇంజను ఎక్కడ దాచావు?"

సాయంత్రానికి వదిలారు. సందు మొదట్లో రాజు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఎవులు సెప్పుంటారన్నా? నానంటే ఏటనుకోకు గానీ, వొదిన బజారులో నోరు కట్టుకోదు గదా" అన్నాడు.

వీరన్న ఆ మాట నమ్మేసి ఇంట్లోకి వెళ్లాడు. "నీ నోటి వల్లే కొంప మునిగిపోయినాది" అన్నాడు భార్యతో. సన్యాసమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మూడో రోజు మళ్లీ పిలిచారు. ఈసారి అధికారి ఫైలు తెరిచి ఒక కాగితం ముందుకి తోశాడు. "ఇదేం భాష? ఏదైనా రహస్య లిపా?"

తండ్రి చేతిరాత. రెక్కని విమానం ఒంటికి తగిలించే ఇనప బిగింపుల బొమ్మ, దాని పక్కన 'ముందు దూలం' అని తెలుగు అక్షరాలు. ఆ ఒక్క కాగితమే పుస్తకంలోంచి చింపి, వానాకాలం మొదట్లో లేతు పని కోసం రాజు చేతికిచ్చాడు తను. వీరన్న ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "మా నాన్న రాసుకున్న కొలతలండీ" అన్నాడు.

షెడ్డు తాళంచెవి ఇచ్చి, మూడు రోజుల్లో విమానాన్ని నీ చేత్తో నువ్వే ఊడదియ్యాలన్నారు. చెక్క అంతా లారీ ఎక్కించాలన్నారు.

మర్నాడు పొద్దున్నే రాజు రెంచీల సంచితో వచ్చాడు. ఇద్దరూ చెరో పక్క నిలబడి రెండు బోల్టులు విప్పారు. మూడోది విప్పుతూ వీరన్న అడిగాడు.

"రాజూ, బిగింపుల కాగితం ఏదిరా?"

"ఎక్కడో ఉంటాదన్నా. ఎతికి తెస్తాను."

"ఎతక్కు. ఆఫీసోడి ఫైల్లో సూసొచ్చినాను."

రాజు అక్కడే విమానం చక్రం మీద కూలబడ్డాడు.

"రాణిని వొగ్గాలంటే ఏదో ఒకటి సెప్పమన్నారన్నా. దాని జట్టు పిల్లల పేర్లు అడిగినారు. ఆ పేర్లు సెప్తే ఆళ్లని బతకనివ్వరు. ఇమానం సంగతి సెప్తే, పోయేది సెక్కే గదా అనుకున్నాను."

"ఆ మాటే నా కాడికొచ్చి సెప్పుంటే, నానే ఎల్లి నా సేత్తో ఇచ్చుందును. సెక్క పోతే పోయినాది. మరి మీ వొదిన నోరని నాతో అన్నావే, అదేటి?"

రాజు చేతిలో రెంచీని అటూ ఇటూ తిప్పాడు.

"దానికి బదులు సెప్పరా."

"బయమేసింది. నన్ను అనుమానిస్తావని."

"ఆ రెంచీ అక్కడెట్టి ఎల్లు."

రాజు వెళ్లాక వీరన్న వంటింటి గుమ్మంలో నిలబడి భార్యకి ఉన్నదున్నట్టు చెప్పాడు. తప్పయిపోయిందన్నాడు. సన్యాసమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు.

"ఆడు అన్నాడు, నువ్వు నమ్మినావు. నన్నొక్క మాట అడగనేదు" అంది.

కాసేపటికి కత్తెర పట్టుకుని తనే షెడ్డులోకి వచ్చింది. కుట్టిన కుట్లన్నీ ఒక్కొక్కటే తెంపింది. వీరన్న గుడ్డ పట్టుకుంటే ఆమె తెంపింది. రెండు రోజులూ ఇద్దరి మధ్యా మాటల్లేవు. లారీ వచ్చి ఏడేళ్ల పని అరగంటలో ఎత్తుకుపోయింది.

పది రోజులకి రాణిని వదిలారు. ఎముకల గూడై తిరిగొచ్చింది పిల్ల. ఖాళీ షెడ్డు చూసి ఏడ్చింది. "మా బేనర్ల వల్లే గదా పెదనాన్నా. ఎవులు సెప్పినారు?" అని అడిగింది.

నిజం వీరన్న నాలిక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల మొహం చూసి మింగేశాడు. "తెలవదమ్మా" అన్నాడు.

నవంబరులో రాణి ఒక చీటీ రాసిపెట్టి, సైన్యం మీద పోరాడ్డానికి స్నేహితులతో థాయి సరిహద్దు అడవుల్లోకి వెళ్లిపోయింది. తర్వాత ఆ పిల్ల కబురే లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రాజు చర్చి నుంచి తిన్నగా వీరన్న గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. చొక్కా వదులైపోయింది, గడ్డం మాసిపోయింది. "అన్నా" అన్నాడు, అంతే. సన్యాసమ్మ ఒక్క క్షణం చూసి, "కూకో, కూడెడతాను" అని పీట వాల్చింది.

వీరన్న సగం తిన్న కంచం వదిలి లేచాడు. చెయ్యి కడుక్కుని, వెనక గుమ్మంలోంచి షెడ్డులోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. రాజు తిని వెళ్లిపోయేదాకా బయటికి రాలేదు.