నాలుగు చక్రాల సొంత వాహనం

సహాయ కేంద్రం ప్రహరీ గోడ మీద "అడగండి, అందుకోండి" అని మనిషెత్తు అక్షరాలతో రాసి ఉంటుంది. ఇస్త్రీ బండి కోడలు ఎనిమిది నెలలుగా అందులో మొదటి సగం చేస్తూనే ఉంది. రెండో సగం ఎప్పుడు మొదలవుతుందో గోడ మీద రాయలేదు.

ఆమె అడిగిందేమీ గొంతెమ్మ కోరిక కాదు. అత్తకి ఒక చక్రాల కుర్చీ. నీళ్ళ గది గడప దగ్గర కాలు జారి అత్త తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక ఎలాగో అతుక్కుంది గానీ కాలు మాత్రం మాట వినడం మానేసింది. కొడుకు లారీల మీద తిరుగుతాడు, నెలకోసారి ఇంటికొస్తే గొప్ప. కాబట్టి ఒక గది ఇంట్లో మంచం మీద అత్త, వీధిలో బండి దగ్గర కోడలు, మధ్యలో తెరిచిన తలుపు. ఆ తలుపులోంచి అత్త రోజంతా వ్యాపారం నడిపిస్తూ ఉంటుంది. కాలు పోయింది గానీ నోరు ఎక్కడికీ పోలేదు.

అయితే అత్తకి కుర్చీ కావాల్సింది షికారుకి కాదు. నాలుగు వీధుల అవతల ఆమె అక్క ఉంది. పడకముందు రోజూ సాయంత్రం వెళ్ళి, గంటసేపు అక్కతో పోట్లాడి వస్తే తప్ప అత్తకి అన్నం సహించేది కాదు. ఇప్పుడు తుంటి వల్ల ఈమె కదలలేదు, ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఆమె మంచం దిగలేదు. పాలు పోసే ఆయన చేత ఒకరికొకరు తిట్లు పంపుకుంటున్నారు. పాపం ఆయన మెతక మనిషి, సగం తిట్లు దారిలోనే మింగేసేవాడు. పోయిన నెల ఆయన తిట్టు తేలేదు. అక్క గురించి డాక్టరు అన్న మాట తెచ్చాడు.

"రెండు నెలలు ఉంటే ఎక్కువన్నాడంటమ్మా."

అత్త ఆ రోజు ఎవరినీ ఏమీ అనలేదు. తిట్ల కన్నా అదే కోడలిని ఎక్కువ భయపెట్టింది.

ఆటోలో తీసుకెళ్తానని కోడలు ఎన్నిసార్లు బతిమాలినా అత్త ససేమిరా అంది. ఆటో ఎక్కించాలంటే ఇద్దరు మగవాళ్ళు ఎత్తాలి. "నన్ను నలుగురూ ఎత్తేది ఒక్కసారే. ఆ రోజు నాకు తెలీదు కాబట్టి ఫరవాలేదు" అనేది. పైగా కుర్చీ రానే వస్తోంది కదా! కేంద్రం కిటికీలో గుమాస్తా మొదటి రోజే చెప్పాడు, మూడు వారాలు అని. ఆ మూడు వారాలూ అయ్యాక వెళ్తే మళ్ళీ మూడు వారాలన్నాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి, ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా మాట మార్చలేదు.

చివరికి ఇంటి తనిఖీకి మనిషి వస్తుందని కబురొచ్చింది. కోడలి చేతులు ఊరుకోలేదు. ముడత కనిపిస్తే నిద్రపట్టని జాతి వాళ్ళది. దుప్పటి ఇస్త్రీ చేసింది, దిండు గలేబు చేసింది, మసిగుడ్డ కూడా చేసింది. ఎనిమిది నెలలుగా నాలుగు మడతల్లో నలిగిన దరఖాస్తు నకలు మీద నాలుగు నీటి చుక్కలు చల్లి, దాన్నీ ఒత్తింది. కాగితం కొత్తదానిలా నిగనిగలాడింది గానీ, కేంద్రం ముద్ర సగం ఇస్త్రీ పెట్టె అడుగుకి అంటుకుపోయింది. ఆ వెంటనే ఒత్తిన రెండో దిండు గలేబు మీద ఇప్పటికీ లేత ఊదా రంగులో "ఆమోదానికై" అని కనిపిస్తుంది.

అసలు పొరపాటు అది కాదు. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో ఇంటినిండా గిరాకీ బట్టలు. వచ్చే మనిషికి ఇల్లు చిందరవందరగా కనబడకూడదని వాటన్నిటినీ తాళ్ళ మీద వరసగా, పట్టువి ఒక వైపు, సూట్లు ఒక వైపు, చొక్కాలు రంగుల వారీగా వేలాడదీసింది. తనిఖీ అమ్మాయి లోపలికి అడుగు పెట్టి, నోరు తెరిచి, పెన్ను తీసింది.

"ఇవన్నీ ఎవరివండీ?"

"కస్టమర్లవమ్మా."

"ఏ కస్టమర్లు? పేర్లు చెప్పండి, ఫోన్ చేసి కనుక్కుంటాను."

కోడలు మంచం వైపు చూసింది. అత్త అడ్డంగా తల ఊపింది. వాళ్ళ పనిలో ఒకే ఒక్క కట్టుబాటు ఉంది, అది అత్త అత్తగారి నాటిది: బట్ట చూసింది నోరు చెప్పకూడదు. ఎవరి చొక్కా చంకలో చిరిగిందో, ఎవరి పట్టుబట్ట అరువుదో, ఏ పెద్దింటి దుప్పటికి ఎన్ని అతుకులో ఇస్త్రీ వాళ్ళకి తెలిసినంత డాక్టర్లకి కూడా తెలియదు. ఒక్క పేరు బయటపెడితే మర్నాటి నుంచి ఒక్క మూట రాదు.

"పేర్లు చెప్పకూడదమ్మా" అంది కోడలు.

తనిఖీ అమ్మాయి చెడ్డది కాదు, కాస్త శ్రద్ధ ఎక్కువైన పిల్ల. శ్రద్ధ ఎక్కువైన చోట దయకి జాగా ఉండదు. గంటన్నర సేపు నిలబడి, పొరపాటు రాకూడదని ఒక్కో బట్టనీ గుర్తులతో సహా రాసుకుంది. మొత్తం నలభై మూడు. కింద "కుటుంబం వద్ద ఉన్నవి" అని రాసి, కోడలు ఇచ్చిన టీ మొహమాటపడకుండా తాగి వెళ్ళింది.

పది రోజులకి కాగితం వచ్చింది. బట్టల విషయమై విచారణ, దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావాలి, రాకపోతే దరఖాస్తు రద్దు. కోడలు ఆ కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

"నడవలేని మనిషిని ఎలా తేవాలయ్యా?"

"నడవలేదని మాకెలా తెలుస్తుందమ్మా, మేం చూడకపోతే?" అన్నాడు గుమాస్తా.

"నడిచి వస్తే నడవగలదంటారు కదా!"

"అది వచ్చాక చూద్దాం."

ఆ రాత్రి అత్త చాలాసేపు తలుపులోంచి బండి వైపు చూసింది. "దాని మీద తీసుకెళ్ళవే" అంది. అక్క కోసం కాకపోతే ఆ మాట ఆమె నోట వచ్చేది కాదని కోడలికి తెలుసు. చీకట్లో కళ్ళు తుడుచుకుంది.

పదకొండేళ్ళుగా ఆ బండి చక్రాల కింద ఇటుకలు పెట్టి ఉన్నాయి. కదలడమంటే ఏమిటో అది మరిచిపోయింది. పక్క సైకిల్ షాపు ఆయన తెల్లవారకుండానే వచ్చి, తుప్పు గీకి, చక్రాలకి నూనె పట్టించాడు. బొగ్గుల పెట్టె దించి బొంత పరిచారు. కోడలు భుజాల కింద, ఆయన కాళ్ళ కింద చేతులు పెట్టారు. అత్త కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నాకేం తెలీదన్నట్టు పడుంటాను. కానివ్వండి."

దారిలో మాత్రం కళ్ళు తెరిచింది. ఎనిమిది నెలల్లో వీధి ఎంత పాడైపోయిందో ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచి చెప్పింది. "ఏంటి పెద్దమ్మా, ఊరేగింపా?" అని ఎవరో అంటే, "అవును, పూలు నువ్వు తేలేదేం?" అంది.

కేంద్రంలో నడవలేనివారి విభాగం మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మెట్ల పక్కన వరండాలో బండి ఆపి రెండు గంటలు నిలబడ్డారు. అంతసేపూ ఒక చక్రాల కుర్చీ, ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా విప్పనిది, కిటికీ నుంచి సామాన్ల గదికీ, సామాన్ల గది నుంచి కిటికీకీ ఫైళ్ళు మోస్తూ తిరుగుతోంది. అత్త దాన్ని అటూ ఇటూ చూపుతో వెంబడించి, గుమాస్తాని పిలిచింది.

"బాబూ, ఆ ఫైళ్ళకి కాళ్ళెప్పుడు విరిగాయి?"

గుమాస్తా వినపడనట్టు నటించడంలో ఆరితేరినవాడు. 

చివరికి డైరెక్టరు గారే కిందికి దిగి వచ్చారు, తప్పనిసరై. ఆయనకో కుర్చీ వేశారు. వెనక తనిఖీ అమ్మాయి, పక్కన గుమాస్తా, చుట్టూ వరసలో నిలబడ్డ జనం. ఆయన కుర్చీలో, అత్త బండి మీద. ఆ భవనంలో ఒక పేద మనిషి పై నుంచి కిందికి చూడడం బహుశా అదే మొదటిసారి. కోడలు ఆయన మొహం ఎప్పుడూ చూడలేదు. చొక్కాని మాత్రం చూడగానే గుర్తుపట్టింది. నెలకి రెండుసార్లు ఒక పనిమనిషి మూటలో వచ్చే నీలం గళ్ళ చొక్కా అది. ఎవరిదో ఇన్నాళ్ళూ తెలియదు.

డైరెక్టరు గారు గొంతు సవరించుకుని జాబితా చదవడం మొదలుపెట్టారు. "తెల్ల చొక్కాలు తొమ్మిది. సూట్లు ఆరు. పట్టువి పదకొండు..." ప్రతి అంకె దగ్గరా కళ్ళద్దాల మీంచి అత్త కట్టుకున్న వెలిసిన బట్ట వైపు చూసి, నిట్టూర్చి, మళ్ళీ చదివారు. "బూడిద రంగు ప్యాంట్లు నాలుగు. నీలం గళ్ళ చొక్కా ఒకటి, గుర్తు: కాలర్ అరిగిపోతే తిప్పి కుట్టినది, లోపలి వైపు..."

ఆగిపోయారు. ఆయన చెయ్యి ఆయనకి తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్ళింది. 

కోడలు చప్పున తల దించుకుంది. ఒక్క మాట చాలు, "అయ్యా, అది మీరే తొడుక్కున్నారు" అంటే చాలు, నలభై మూడు బట్టల లెక్కా గాల్లో కలిసిపోతుంది, కుర్చీ వస్తుంది, అత్త అక్కని చూస్తుంది. కానీ ఇంతమంది ముందు ఒక మనిషి తిప్పి కుట్టించుకున్న కాలర్! పెద్ద జీతం, పెద్ద కుర్చీ అనుకుంటాం గానీ ఆ ఇంట్లో ఏ కష్టం ఉందో. నాలుక చివరిదాకా వచ్చిన మాటని కోడలు మింగేసింది. డైరెక్టరు గారు ఆమె వంచిన తల చూశారు. ఆమెకి తెలుసని ఆయనకి తెలిసింది.

"సరే... ఈ బట్టల సంగతి పక్కన పెడదాం" అన్నారు, ఫైలు మూసేస్తూ. "అంత ముఖ్యం కాదు."

కోడలికి ప్రాణం లేచొచ్చింది. తన నోరు కట్టుకున్నందుకు ఫలితం దక్కిందనుకుంది. కృతజ్ఞతగా రెండు చేతులూ జోడించింది కూడా. అప్పుడే గుమాస్తా వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఊరుకోడు కదా. డైరెక్టరు గారు బండి వైపు చూశారు. చక్రాలు లెక్కపెట్టారు.

"మీరు దీని మీదే వచ్చారా?"

"అవునండీ."

"సొంతమేనా?"

"సొంతమేనండీ. మా బతుకే అది."

"మంచిది. రాసుకోండి. దరఖాస్తుదారుకి నాలుగు చక్రాల సొంత వాహనం ఉంది. మేమిచ్చే కుర్చీకి కూడా చక్రాలు నాలుగే కదమ్మా! ఏమీ లేనివాళ్ళకి ముందు ఇవ్వాలి. తిరస్కరించడమైనది."

పెన్ను తీసి సంతకం పెట్టారు. మొహం మీద చమట పట్టింది, అంత మాత్రం సిగ్గు ఉంది. కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి పరువు తను కాపాడిందో ఆ మనిషి చెయ్యే తన మెడ పట్టి గెంటింది. నోరు తెరిచింది. అత్త వంగి ఆమె మణికట్టు పట్టుకుంది.

"బాబూ" అంది అత్త, ఎంతో ప్రేమగా. "చొక్కా బాగుంది. ఎవరు ఇస్త్రీ చేశారో గానీ, కాలర్ భలే నిలబెట్టారు."

వరసలోని జనం అందరూ కాలర్ వైపు చూశారు. డైరెక్టరు గారు మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ మొదటి అంతస్తుకి వెళ్ళిపోయారు. నడవగలిగిన వాళ్ళకి మెట్లు ఎంత సుఖమో.

గేటు దాటాక కోడలు ఏడ్చేసింది. సైకిల్ షాపు ఆయన ఏం చేయాలో తోచక చక్రం పరీక్షిస్తున్నట్టు వంగాడు. అత్త ఇద్దరినీ చూసి విసుక్కుంది.

"ఏడుస్తావెందుకే? ఎనిమిది నెలల్లో ఆ ఆఫీసు చెప్పిన ఒక్క నిజం అదేగా, మనకి వాహనం ఉందని! ఇన్నాళ్ళూ నా రోషం కొద్దీ నాకే కనబడలేదు. ఇంటికి కాదు, అటు తిప్పు."

బండి అటు తిరిగింది. పాత చక్రాలు కీచుమంటూ నాలుగు వీధులు నడిచాయి. అక్క గది వీధి వైపే. ఆ ఇంటి గుమ్మంలోంచి బండి పట్టదు, కానీ కిటికీ ఎత్తూ బండి ఎత్తూ సరిగ్గా ఒకటే. కుర్చీ అయితే కిందుండిపోయేది. కోడలు బండిని కిటికీకి ఆనించింది. చువ్వల అవతల ఒక చిన్న మొహం, మునుపటిలో సగం కూడా లేదు, ఇటు తిరిగింది. అత్త చువ్వలు పట్టుకుని ముందుకు వంగింది. మాట ముందు అవతలి నుంచే వచ్చింది, మధ్యమధ్య ఊపిరి కూడదీసుకుంటూ.

"నాలుగు వీధులు రావడానికి... ఎనిమిది నెలలా నీకు?"

"దగ్గరి దారిన రాలేదే అక్కా" అంది అత్త. "ఆఫీసు మీదుగా వచ్చాను."

పెద్దామె నవ్వింది. నవ్వు దగ్గైంది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వైంది. చువ్వల్లోంచి చెయ్యి బయటికి చాపింది. అత్త ఆ చెయ్యి పట్టుకుని, ముడతలు పడ్డ వేళ్ళని ఒక్కొక్కటే తన అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది.

"రేపు కూడా వస్తావా?" అంది పెద్దామె.

అత్త వెనక్కి తిరిగి కోడలి కోసం చూసింది. ఇక బండి మకాం ఇక్కడే అన్నట్టు కోడలు గోడ పక్కన చక్రాల కింద పెట్టడానికి ఇటుకలు వెతుకుతోంది.