ఎనిమిదో చుక్క

చలికి ఓ వాసన ఉంటుంది. తడి ఇనుము వాసన.

ఆ పొడవాటి వరండా నిండా అదే.

వరుసగా ఏడు ఉక్కు పెట్టెలు. మొదటిది అక్క గదిలో. చివరిది చెల్లెలి గదిలో. నడుమ ఐదు — వరండాలో, ఎవరూ ముట్టుకోకుండా.

అక్క తన పెట్టెలో ఓ క్వాంటం స్థితిని పెడుతుంది. అది ఏడింటిలోకీ పరుచుకుంటుంది, నీటిలో రాయి వేస్తే లేచే అలల్లా. సరిగ్గా ఒక్క క్షణాన ఆ అలలన్నీ ముడుచుకుని, అవతలి ఒడ్డున మళ్లీ రాయి అవుతాయి. చెల్లెలి బల్ల మీద ఆకుపచ్చ దీపం వెలుగుతుంది.

అక్క దగ్గర ఇక ఏమీ మిగలదు.

దారిలో ఉండగా తొంగిచూడకూడదు. చూస్తే చెదిరిపోతుంది.

ఆరేళ్ల చాకిరీ. అయినా వంద పంపితే ఎనభై తొమ్మిదే చేరుతున్నాయి. ఈ మధ్యాహ్నానికి వందా చేరకపోతే వరండాకు తాళమేనని ల్యాబు డైరెక్టరుగారు చెప్పేశారు.

తక్కిన పదకొండూ ఎక్కడికి పోతున్నాయి?

నిన్న చెల్లెలు కాగితం మీద ఏడు చుక్కలు పెట్టింది. గీతలతో కలిపింది. ఆ పదకొండూ ఎటు పోతున్నాయో లెక్క కుదరలేదు. విసుగొచ్చి, నాలుగో చుక్కకు పక్కగా ఇంకో చుక్క తగిలించింది.

కుదిరింది.

వెళ్లి చూసింది. నాలుగో పెట్టె పక్కన ఉత్త గోడ. తీగ లేదు... ఏమీ లేదు.

చెబితే అక్క నవ్వేసింది. ఆ ఎనిమిదో దానికీ జీతం ఇప్పించమంటావా అంది.

చెల్లెలూ నవ్వింది. కానీ పొద్దున్నే, అక్కకు చెప్పకుండా, పెట్టెలను కలిపే బంధాలన్నిటినీ ఎనిమిది చుక్కల లెక్కకే బిగించింది.

లేనిదానికి చోటిచ్చింది.

మధ్యాహ్నం అక్క పంపడం మొదలెట్టింది. ఒకటి... పది... తొంభై... వంద. ఒక్కటీ పొల్లుపోలేదు. డైరెక్టరుగారు వెనకే నిలబడి చూశారు. తాళం మాట ఇక ఎత్తనని చెప్పి వెళ్లిపోయారు.

చెల్లెలి కళ్లు చెమర్చాయి.

దీపం మళ్లీ వెలిగింది.

నూట ఒకటి.

ఫోను తీసింది. "అక్కా, ఇంకోటి పంపావా?"

"లేదే. పెట్టె కట్టేసి చేతులు కడుక్కుంటున్నా. ఏమే, గొంతు అలా ఉందేం?"

నూట రెండు.

"అక్కా... నేను ఎనిమిదికి బిగించాను."

అవతల కుళాయి చప్పుడు ఆగింది.

"నువ్వు కదలకు. నేనే వస్తున్నా."

"వరండాలోంచి వద్దక్కా —"

అప్పటికే అక్క ఫోను పెట్టేసింది.

అడుగులు.

రెండో పెట్టె దాటాయి. మూడోది దాటాయి.

నాలుగో దాని దగ్గర ఆగాయి.

ఆగి... ఇక కదల్లేదు.

చెల్లెలు పిలిచింది. మళ్లీ పిలిచింది. వెనక బల్ల మీద వెలుగు — వచ్చింది, పోయింది, వచ్చింది.

లేచి తలుపు దాకా వెళ్లింది. గడియ మీద చెయ్యి వేసింది.

తియ్యలేదు. దారిలో ఉండగా చూడకూడదు.

వేళ్ల కింద ఇనుము... చల్లగా, తడిగా.