అరవై జ్వరాలు

ఆ వానాకాలం మిజింగాకి అరవై మంది మలేరియా పిల్లలు కావాలి. అక్కడ వానలు జోరుమీదుండే ఫిబ్రవరి సగమయ్యేసరికి దొరికింది నలుగురే.

చోమా జిల్లా పల్లెల్లో పిల్లలకిస్తున్న మందు ఇంకా పనిచేస్తోందా, లేక క్రిమి దానికి మొండికేసిందా అన్నది తేల్చడం ఆమె పని. జ్వరమే లేనప్పుడు మందును ఎవరిమీద పరీక్షిస్తుంది? పదిహేనేళ్ల కిందట ఆమె ఇదే ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరినప్పుడు, వానలు మొదలైతే జ్వరం పిల్లలతో కాలు పెట్టే చోటుండేది కాదు.

ఓ పొద్దున్నే రాజధాని లుసాకా నుంచి, ఈ పరిశోధన నడిపిస్తున్న డాక్టర్ సిమూంజా ఫోను చేశాడు.

"ఎంతమందయ్యారమ్మా?"

"నలుగురు సార్."

"పోయినవారమూ నలుగురే అన్నావుగా!"

"ఆ నలుగురే ఈ నలుగురు సార్. ఇంకేం చెయ్యమంటారు, దోమల్ని పెంచమంటారా?"

ఫోను పెట్టేసిందో లేదో, వాగు అవతల రోడా అనే ఆవిడ కొడుక్కి జ్వరమని కబురొచ్చింది. మిజింగా పరీక్ష సామాను సంచిలో వేసుకుని మోటారు సైకిలెక్కింది. దారంతా బురద. రెండుచోట్ల బండి కూరుకుపోయింది. రోడా ఇంటికి చేరేసరికి మోకాళ్ల దాకా మట్టి కొట్టుకుపోయి ఉంది.

పిల్లాడి వేలి నుంచి చుక్క నెత్తురు తీసి చూసింది. మలేరియానే! గుండె ఎగిరి గంతేసింది. అయిదో వాడు!

"నిన్న ఇచ్చిన మందు బాగానే పట్టిందమ్మా. పొద్దున మొక్కజొన్న న్షిమా ముద్ద కూడా తిన్నాడు" అంది రోడా సంబరంగా.

"నిన్న మందా? ఎవరిచ్చారు?"

"ఇంకెవరు, హబీంజు తాత."

ముందే మందు మింగినవాడు పరిశోధనకు పనికిరాడు. మిజింగా నెత్తి పట్టుకుంది. పక్కింటి అరుగుమీద కూర్చుని పరీక్ష పట్టీల పెట్టె సర్దుకుంటున్న ముసలాయన మీద విరుచుకుపడింది. ఆయనే హబీంజు, ఆ పల్లెల ఆరోగ్య కార్యకర్త.

"తాతా! జ్వరం కనబడితే ముందు నాకు కబురు పెట్టమన్నానా లేదా?"

"పెట్టాను కదే తల్లీ."

"మందు వేశాకనా!"

"పసివాడు పెనంలా కాలిపోతుంటే నీ బండి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చోమంటావా? 'గంటసేపు కూడా ఆలస్యం చెయ్యొద్దు తాతా' అని నా చేత నూటొక్కసార్లు వల్లె వేయించిందెవరు? నువ్వు కాదూ?"

మిజింగాకి గుర్తుంది. ఆ పాఠం చెప్పింది తనే. జిల్లాలో నలభై మంది కార్యకర్తలకు చెప్పింది. వాళ్లు నలభై మందీ దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు.

"మా వాడికి తగ్గిందంటే మీరలా మొహం వేలాడేస్తారేంటమ్మా?" అంది రోడా.

ఆ మాట మిజింగాకి చెంపదెబ్బలా తగిలింది.  కుర్రాడి నుదురు తాకి చూసి, మిగిలిన మాత్రలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో మళ్లీ చెప్పి బయల్దేరింది.

మరుసటి వారం పరిశోధనను ఉత్తరాన, జ్వరాలు ఇంకా తగ్గని లువాపులాకు మార్చేశారు. ఆమెనూ వెళ్లమన్నారు. అక్కడ అరవై మంది పూర్తికావడానికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజున కూడా వరండాలో తల్లులు పిల్లల్ని వొళ్లో వేసుకుని బారులు తీరి ఉన్నారు.

"శభాష్ మిజింగా! ఇక వచ్చెయ్" అన్నాడు డాక్టర్ ఫోనులో.

"ఇంకో నెల ఉంటాను సార్. ఇక్కడి పల్లెల్లో చేతిలో మందున్న కార్యకర్త ఒక్కడూ లేడు. ఓ పాతికమందికి నేర్పించి వస్తాను."

"నేర్పించు, నేర్పించు! రెండేళ్లు పోయాక అక్కడా జ్వరం దొరకదు. అప్పుడు నన్ను తిట్టకు."

"మిమ్మల్నెందుకు సార్, అప్పుడూ నన్ను నేనే తిట్టుకుంటాను" అంది మిజింగా విసురుగా. ఫోను పెట్టేసి, వరుసలో ముందున్న తల్లిని రమ్మని పిలిచింది.